కట్టె ఉడికే వాసన

మా బంధువుల్లో సగం మందికి నేనేం ఉద్యోగం చేశానో ఇప్పటికీ తెలియదు. చేపల షాపులో పని అని చెబితే మార్కెట్లో కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోసేవాణ్ననుకునేవారు. కాదు, అక్వేరియం షాపు అని సరిదిద్దితే, చేపలకు తిండి వేయడానికి ఇంత పెద్ద మనిషి ఎందుకని అడిగేవారు. అసలు సంగతి చెబితే ఇంకా నవ్వేవారు. నేను కట్టెలు ఉడకబెట్టేవాణ్ని. ఇళ్లలో గాజుతొట్టెల్లో చేపల మధ్య అందంగా వంకర తిరిగిన వేర్లు, మొద్దులు పెడతారు కదా, వాటిని నీళ్లలో పెట్టడానికి పనికొచ్చేలా తయారు చేయడం నా పని. మేడ్చల్‌లో పుట్టి, కొంపల్లిలో ఒక షాపులో చేరి, శామీర్‌పేట నుంచి జవహర్‌నగర్ వైపు పోయే దారిలో ఒక రేకుల షెడ్డులో ఆ ఉద్యోగం ముగించాను.

ఈ మధ్య ఈ పనిలోకి కుర్రాళ్లు బాగానే వస్తున్నారు. ఫోనులో వీడియో చూడటం, చెరువు గట్టున దొరికిన కట్టె తేవడం, పైపైన కడిగి అమ్మేయడం. వాళ్లలో ఒకరిద్దరు మా ఇంటికి వచ్చి, పనిలో కిటుకులు చెప్పమన్నారు. చెబుతాను. కాని కిటుకుల కంటే ముందు భయం చెబుతాను. షాపులో నన్ను పిరికి మనిషి అనేవారు. తప్పేం లేదు, నేను పిరికివాణ్నే. ఈ పనిలో నాకు వచ్చిన విద్య చాలావరకు ఆ పిరికితనం నేర్పిందే.

ముందు కట్టె సంగతి

పచ్చి కట్టె పనికిరాదు. దాంట్లో రసం ఉంటుంది, అది నీళ్లలో దిగి చేపల్ని చంపుతుంది. చచ్చిన చెట్టుది, ఏళ్ల తరబడి నీళ్లలో నానిందో ఎండలో ఎండిందో అయి ఉండాలి. మాకు ఎక్కువగా చెరువుల్లో మునిగిన పాత చెట్ల వేర్లు దొరికేవి. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు అవి బయటపడతాయి. చేపలు పట్టేవాళ్లకు అవి శత్రువులు, వలలు తగులుకుని చిరుగుతాయి. కాబట్టి పీకి గట్టున పడేస్తారు. శామీర్‌పేటలో మల్లయ్య అని, చెరువు మీదే బతికే మనిషి, అవి ఏరి మాకు ఇచ్చేవాడు.

కట్టె రాగానే స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూస్తాం. మెత్తగా దిగితే లోపల పుచ్చు, అంతమేరా చెక్కేయాలి. బెరడు మిగిలితే గీకేయాలి. తీగ బ్రష్షుతో సందుసందునా తోమాలి. తర్వాత డ్రమ్ములో నానబెట్టాలి. అది తేలుతుంది. పైన బండరాయి పెట్టి వారాల తరబడి ఓపిక పట్టాలి. ఆ తర్వాత పెళ్లిళ్లలో అన్నం వండే పెద్ద డేగిసాలో వేసి ఉడకబెట్టాలి. నీళ్లు చిక్కటి డికాషన్‌లా మారతాయి. పారబోసి మళ్లీ నింపి మళ్లీ ఉడకబెట్టాలి. రంగు పలచబడేదాకా ఇదే పని. చివరికి గప్పీ పిల్లలున్న టబ్బులో పెట్టి కొన్నాళ్లు చూస్తాం. ఆ చేపలు హాయిగా తిరుగుతుంటేనే కట్టె కస్టమర్ ఇంటికి పోతుంది.

వినడానికి వంటపనిలా ఉంటుంది. నాకు మాత్రం ప్రతి మెట్టు మీదా భయమే. తొర్రలో చేయి పెట్టాలంటే భయం, ఎందుకంటే ఒకసారి అందులోంచి తేలు నా వేలి మీదుగా నడుచుకుంటూ పోయింది. అది కుట్టలేదు. కుట్టి ఉంటే ఇంత కాలం గుర్తుండేది కాదేమో. ఉడికిన మొద్దును ఎత్తాలంటే భయం, లోపల సందుల్లో ఇరుక్కున్న మరిగే నీళ్లు ఎటు నుంచి చిమ్ముతాయో తెలియదు. అన్నిటికంటే గన్నేరు అంటే భయం. గన్నేరు విషమని మనవైపు చిన్నపిల్లలక్కూడా తెలుసు. కాని ఆకు రాలి, బెరడు పోయి, నీళ్లలో నల్లబడ్డ కొమ్మ గన్నేరుదో తుమ్మదో చెప్పడం మాటలు కాదు. నాకు అనుమానం వస్తే పక్కన పెట్టేసేవాణ్ని. అలా పక్కన పెట్టినవాటిలో మంచి కట్టెలు ఎన్ని పోయాయో. దానికి నాకేం బాధ లేదు.

ప్రసాద్ గారు తాగిన నీళ్లు

మా షాపు యజమాని ప్రసాద్ గారు. గోదావరి వైపు నుంచి వచ్చి కొంపల్లిలో స్థిరపడ్డ మనిషి. మాట మంచిది, చేయి మంచిది, తొందర మాత్రం విపరీతం. ఆయన దగ్గర పనిచేసినన్నాళ్లూ నాకు అన్నం పెట్టినవాడాయన. కాబట్టి ఆయన గురించి మంచీ చెడూ రెండూ చెప్పే హక్కు నాకుందనుకుంటాను.

కొంపల్లిలో ఒక విల్లాలో పెద్ద తొట్టె పెట్టాం. అదీ ఆంధ్ర వైపు నుంచి వచ్చిన కుటుంబమే. వారం తిరక్కుండా ఆ ఇంటావిడ ఫోన్ చేసింది. నేనూ ప్రసాద్ గారూ వెళ్లాం. తొట్టెలో నీళ్లు లేత గోధుమ రంగుకు తిరిగాయి.

"ఏంటండీ ఇది, టీ కాచి పోసినట్టుంది. మా పాప అస్తమానం ఇందులో చేతులు పెడుతుంది. దానికేవన్నా అయితే ఎవరండీ బాధ్యత?" అందావిడ. ఆవిడ కోపం వెనక భయముంది. అది నాకు వెంటనే తెలిసింది, పిరికివాళ్లది ఒకే జాతి కదా.

"అది కట్టె రంగేనమ్మా, ఏం కాదు. నీళ్లు మారుస్తుంటే పోతుంది," అని నేను చెబుతుండగానే ప్రసాద్ గారు వంటింట్లోంచి గ్లాసు తెప్పించి, తొట్టెలో ముంచి, ఒక గుక్క తాగేశారు.

"చూడండి. నాకేమన్నా అయిందా?" అన్నారు మూతి తుడుచుకుంటూ.

ఆవిడ నవ్వేసింది. గొడవ సమసిపోయింది. నేను మాత్రం ఆ రోజంతా ఆయనకేమైనా అవుతుందేమోనని చూస్తూనే ఉన్నాను. కట్టె రంగు మంచిదే, చేపలు వేసిన మురికి ఎవరు తాగమన్నారు? కారులో వస్తూ అదే అంటే, "మీరు భయపడబట్టే కస్టమర్ భయపడుతున్నారండీ," అన్నారు. ఆ మాటలో సగం నిజముంది. మిగతా సగం నేను తర్వాత నేర్చుకున్నాను. జనం కంటికి కనిపించేదానికి భయపడతారు. నీళ్లు రంగు మారితే ఫోన్ చేస్తారు. చంపేది చాలాసార్లు రంగు లేకుండానే వస్తుంది.

మొదట్లో మేం షాపు వెనకే ఖాళీ స్థలంలో కట్టె ఉడకబెట్టేవాళ్లం. పక్కన అపార్ట్‌మెంట్లు లేచాక, ఆవిరి వాసన అంటూ పైనుంచి కేకలు మొదలయ్యాయి. అప్పుడే ప్రసాద్ గారు జవహర్‌నగర్ దారిలో ఈ షెడ్డు అద్దెకు తీసుకున్నారు. ఎంచుకున్న కారణం ఆయనే చెప్పారు. "ఇక్కడ మనం ఏం ఉడకబెట్టినా అడిగేవాడుండడండీ. ఏ వాసనొచ్చినా పక్కనున్న చెత్త డంపు మీదకే పోతుంది."

మేమందరం నవ్వాం. నేనూ నవ్వాను.

గాలి తిరిగితే

షెడ్డులో యాదమ్మ ఉండేది. దగ్గర్లోని కాలనీలోనే ఆమె ఇల్లు. కొడుకు, కోడలు, మనవరాలితో రెండు గదుల్లో ఉండేది. కట్టె తోమడంలో ఆమె చేయి నా చేయి కంటే మంచిది. కాని నోరు ఊరుకోదు. నేను ప్రతి కట్టెనూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తుంటే, "పెండ్లిపిల్లను జూసినట్టు జూస్తున్నవేందన్నా, నచ్చిందా లేదా చెప్పు," అనేది. డేగిసా దగ్గర నేను రెండడుగులు దూరంగా నిలబడితే, "గింత భయం బెట్టుకొని వదినెను పెండ్లెట్ల జేస్కున్నవే?" అనేది.

ఆ ప్రాంతం తెలియనివాళ్లకు ఒక సంగతి చెప్పాలి. ఊరి చెత్తంతా వచ్చి పడే ఆ డంపు గుట్ట మా షెడ్డుకు దక్షిణాన ఉంది. గాలి అటు నుంచి తిరిగితే వాసన వస్తుంది. అది ఎలా ఉంటుందో రాసి చెప్పలేను. అక్కడివాళ్లు దాని గురించి పెద్దగా మాట్లాడరు. గాలి తిరిగిందంటే చాలు, ఎవరూ ఎవరికీ చెప్పకుండా వీధి వీధంతా తలుపులు, కిటికీలు మూసుకుంటుంది. తడిపిన గుడ్డ గడప కింద కుక్కుతారు. అన్నం గిన్నెల మీద మూతలు పడతాయి. గాలి మళ్లాక తీస్తారు. యాదమ్మ చేతులకు ఆ పని ఎంత అలవాటంటే, మాట్లాడుతూ మాట్లాడుతూనే లేచి, తలుపు మూసి, గుడ్డ కుక్కి, ఆగిన మాట అక్కణ్నుంచే అందుకునేది. మొదట్లో నేను ముక్కు మూసుకుని బయటికి పరుగెత్తేవాణ్ని. కొన్నాళ్లకు నేనూ ఆమెలాగే లేచి తలుపు వేయడం మొదలుపెట్టాను.

మేం చలికాలంలోనూ వానల్లోనూ షెడ్డు లోపలే ఉడకబెట్టేవాళ్లం. గ్యాసు పొయ్యి తలుపు పక్కనే ఉండేది. తలుపు తెరిచి ఉన్నంతసేపు ఇబ్బంది లేదు. మూసినప్పుడు పొయ్యి ఆపాలన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు. ఎందుకు వస్తుంది? తలుపు మూయడమంటే మా లెక్కలో చెడు గాలి నుంచి కాపాడుకోవడం.

చెరువు గట్టు మీద

ఒక ఏడాది వానలు బాగా పడ్డాయి. చెరువు నిండుగా ఉంది. మునిగిన వేర్లేవీ బయటపడలేదు. అదే సమయంలో ప్రసాద్ గారు ఒక పెద్ద తొట్టె ఒప్పుకున్నారు. దాని మధ్యలో నిలబెట్టడానికి పెద్ద మొద్దు కావాలి. దొరకట్లేదంటే వినడం లేదు. ఒకరోజు ఉదయాన్నే నేను మల్లయ్యతో మాట్లాడదామని శామీర్‌పేట చెరువుకు వెళ్లాను.

అతను గట్టు మీద వల సర్దుకుంటున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. చలికాలపు గాలి నీళ్ల మీదుగా వచ్చి మా వీపులకు కొడుతోంది. ఇంతలో యాదమ్మ ఫోన్ చేసింది.

"అన్నా, గా మొద్దు పొయ్యి మీదికెక్కిచ్చిన. మంచిగ ఉడుకుతాంది."

"ఏ మొద్దు?"

"మల్లయ్యన్న నిన్న నువ్వు లేనప్పుడు ఏసిపోయిండు గద. సార్ పొద్దుగాల ఫోన్ జేసిండు, జల్దీ గావాల్నట, నానబెట్టుడు ఏమొద్దు, సీదా ఉడకబెట్టమన్నడు. ఇగో, డంపు వాసన మస్తుగొస్తాంది. తలుపేసుకున్న. నువ్వొచ్చినంక కొట్టు, తీస్త."

"సరే," అని పెట్టేశాను.

నా అంత పిరికివాడు కూడా ముందు "సరే" అన్నాడు. అది గుర్తుంచుకోండి. డంపు వాసన అన్న మాట వినగానే మా అందరి బుర్రా అక్కడితో ఆగిపోతుంది.

మల్లయ్య నా మెడలో తువ్వాలు సర్దాడు. గాలికి ఎగిరి అతని మొహానికి తగులుతోందని. అప్పుడు చూశాను. గాలి చెరువు మీద నుంచి మా షెడ్డు వైపు పోతోంది. ఉత్తరపు గాలి. డంపు షెడ్డుకు అవతల, దక్షిణాన ఉంది. ఈ గాలికి డంపు వాసన షెడ్డుకు రాదు. వచ్చే వీలే లేదు.

అంటే యాదమ్మకు వస్తున్న వాసన షెడ్డు లోపలిదే.

"మల్లన్నా, నిన్న నువ్వేసిన మొద్దు ఏడిది?"

"నీళ్లల్లదే అన్నా."

"చెరువు నిండి ఉన్నది గద. ఏ నీళ్లల్లది?"

అతను సర్దిన వలనే మళ్లీ విప్పి సర్దాడు. "కంపెనీల మురుగొచ్చే నాలలది," అన్నాడు చివరికి. "మీ సార్ కావాలె కావాలె అని పరేషాన్ జేస్తుండె. నాలల కొట్టుకొచ్చి అడ్డం బడ్డది. మంచి మొద్దు గదా అని తీసిన."

"వాసన రాలేదా నీకు?"

"గాడ అన్నీ వాసనే గదన్నా. మొద్దుది ఏదో, నాలది ఏదో ఎట్ల తెలుస్తది?"

యాదమ్మకు ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్లీ చేశాను. మల్లయ్య వల అక్కడే వదిలేసి నా బండి వెనక ఎక్కాడు. అతనికి ఫోన్ ఇచ్చి, చేస్తూనే ఉండమన్నాను.

ఆ దారి గురించి ఎక్కువ చెప్పలేను. చెత్త లారీలు వరుసగా ముందు పోతున్నాయి. దాటుదామంటే ఎదురుగా బస్సు. షెడ్డు పక్కన పంక్చర్ కొట్టు ఉంది, ఆ మనిషికి ఒక్క కేక వేస్తే చాలు, తలుపు తీయిస్తాడు. అతని నంబరు నా దగ్గర లేదు. రోజూ అతని ముందు బండి ఆపేవాణ్ని, నంబరు మాత్రం తీసుకోలేదు. ప్రసాద్ గారికి చేద్దామంటే ఆయన కొంపల్లిలో, మా కంటే దూరం. నాకు ఏడుపొస్తోంది. హ్యాండిల్ అటూ ఇటూ పోతోంది. బండి ఎక్కడ పడేస్తానోనని మల్లయ్య వెనక నుంచి నా భుజం గట్టిగా పట్టుకున్నాడు.

అప్పుడు ఆమె ఫోన్ ఎత్తింది. మల్లయ్య నా చెవి దగ్గర పెట్టాడు.

"యాదమ్మా, తలుపు తియ్యి."

"ఆఁ... అన్నా. తలకాయ నొస్తాంది. జెర పండుకున్న."

"పండుకోకు. లే. తలుపు తీసి బయటికి రా."

"వాసనొస్తదన్నా."

"అది డంపుది గాదు. పొయ్యి మీద మొద్దుది. తలుపు తియ్యి యాదమ్మా."

"తీస్తే వాసన లోపటికొస్తదన్నా," అంది. చిన్నపిల్లకు నచ్చజెప్పినట్టు, మెల్లగా, నాకే అర్థం కావడం లేదన్నట్టు చెప్పింది. ఆ తర్వాత ఏదో గొణిగింది. ఆ తర్వాత పొయ్యి మీద నీళ్లు మరుగుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. ఆమె ఫోన్ కట్ చేయలేదు. నేనూ చేయలేదు. మిగతా దారంతా ఆ చప్పుడు వింటూనే పోయాను.

షెడ్డు తలుపు లోపల గడియ వేసి ఉంది. కింద తడిగుడ్డ బిగించి కుక్కి ఉంది. ఎంత శ్రద్ధగా కుక్కిందంటే, పిసరు ఆవిరి కూడా బయటికి రావడం లేదు. మేం తలుపు మీద పడ్డాం. పంక్చర్ కొట్టు మనిషి గడ్డపార తెచ్చి గడియ ఊడదీశాడు. తలుపు తెరుచుకోగానే వచ్చిన వాసన డంపుది కాదు. తియ్యగా, గోళ్ల రంగు సీసా మూత తీసినట్టు, దాని వెనక ఏదో మాడినట్టు ఉంది. కళ్లు మండాయి. యాదమ్మ గోనెసంచుల మీద పక్కకు తిరిగి, చేయి తల కింద పెట్టుకుని, నిద్రపోయినట్టు పడుకుని ఉంది. ఫోను ఛాతీ మీద ఉంది.

మల్లయ్య ఊపిరి బిగబట్టి లోపలికి పోయి ఆమెను ఎత్తుకొచ్చాడు. నేను పొయ్యి ఆపి, గోడ పట్టుకుని బయటికి వచ్చి వాంతి చేసుకున్నాను. గప్పీ చేపల టబ్బు తలుపు పక్కనే ఉంది. చేపలన్నీ తెల్లగా పైకి తేలి ఉన్నాయి.

డాక్టరు అడిగిన ప్రశ్న

దగ్గర్లోని ఆస్పత్రిలో ఆమెకు ఆక్సిజన్ పెట్టారు. డాక్టరు చిన్న వయసు అమ్మాయి. బయటికి వచ్చి, "ఏం పీల్చింది?" అని అడిగింది.

కట్టె ఉడకబెడుతున్నామని చెప్పాను. కట్టె ఉడికితే ఇలా కాదు కదా అంది. నాలాలోంచి తెచ్చిన కట్టె అని మల్లయ్య చెప్పాడు. ఏ నాలా, దాంట్లో ఏం కలుస్తుంది అని ఆమె అడిగింది. మల్లయ్య తల అడ్డంగా ఊపాడు. మూసిన గదిలో గ్యాసు పొయ్యి మండిందని కూడా చెప్పాను. దాని వల్ల కావచ్చు, మొద్దులో నానిన మందుల వల్ల కావచ్చు, రెండూ కలిసి కావచ్చు అంది. తెలిస్తే వైద్యం సులువుగా ఉండేదని మాత్రం అంది. ఆ మాట నా గుండెలో దిగింది. ఇన్నేళ్లు నేను కట్టె ఏ చెట్టుదని అడిగాను. ఏ నీళ్లది అని అడగడం అంతగా రాలేదు. చెట్టు పేరు చెప్పగలిగితే చాలని ఈ పని నేర్చుకునే రోజుల్లో అనుకునేవాళ్లం. ఇప్పుడు చెట్టు ఏదైతేనేం, అది ఏ నీళ్లు తాగిందన్నదే అసలు ప్రశ్న.

యాదమ్మ కొడుకు, కోడలు వచ్చారు. మనవరాలు కోడలి చీర పట్టుకుని నిలబడింది. వరండాలో మల్లయ్య నా పక్కన కూర్చుని, తన అరచేతులు వాసన చూసుకుంటున్నాడు. అతను చాలాసేపు అలాగే చూసుకున్నాడు.

సాయంత్రానికి ఆమె కళ్లు తెరిచింది. ముందు మనవరాలిని చూసింది, తర్వాత నన్ను చూసి, "పొయ్యి బందు జేసిన్రా అన్నా?" అని అడిగింది. నేను అవునన్నాను. ఆస్పత్రి అని కూడా చూడకుండా ఏడ్చాను.

ప్రసాద్ గారు అప్పుడే వచ్చారు. ఆమె కాళ్ల దగ్గర నిలబడి చేతులు జోడించారు. "నేను తొందరపెట్టకుండా ఉండాల్సిందండీ," అన్నారు. కళ్లు తుడుచుకున్నారు. అది నటన కాదు. కాని బయటికి వచ్చాక, మెట్లు దిగుతూ, "మరి ఆ పార్టీకి ఇంకో మొద్దు ఎక్కడైనా దొరుకుతుందంటారా?" అని నన్నే అడిగారు. అదీ నటన కాదు. మనిషిలో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి. యజమాని దగ్గర పనిచేసేవాళ్లు ఆ రెండోదాన్ని చూసి కోపం తెచ్చుకోకూడదు, కాని మొదటిదాన్ని చూసి మోసపోనూ కూడదు. నేను ఆయనకు, దొరకదు, దొరికినా ఇప్పుడు చేయను అని చెప్పాను. నా జీవితంలో ఆయనకు మొదటిసారి ఎదురు చెప్పింది అప్పుడే.

ఆ మొద్దును ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. కాలిస్తే పొగ, పూడిస్తే నేల, నీళ్లలో వేస్తే చెరువు. డంపులో పారేయమన్నారు ప్రసాద్ గారు. డంపు పక్కన ఎవరుంటారో నాకు తెలుసు కాబట్టి నేను ఒప్పుకోలేదు. చివరికి మూత బిగించే డ్రమ్ములో పెట్టి, కంపెనీల చెత్త తీసుకుపోయే బండివాళ్లకు అప్పగించాం. వాళ్లు ఎక్కడ దించారో తెలియదు. తెలియకపోవడం నన్ను ఇప్పటికీ భయపెడుతుంది.

చేయబోయేవాళ్లకు

చెప్పాల్సింది పెద్దగా లేదు. కట్టె తెచ్చినవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఏ చోట తీశాడో చోటు చూపించేదాకా ముట్టుకోకండి. మీరే వెళ్లి చూడండి. పైన నాలా కలుస్తుందా, కంపెనీ ఉందా చూడండి. కప్పలు లేని నీళ్లలోంచి ఏదీ తేకండి. తెచ్చాక ముందు ఆరుబయట కట్టెకు ఒక కొస మీద మరిగే నీళ్లు పోసి దూరంగా నిలబడండి. చల్లటి కట్టె దాచిన వాసనను వేడినీళ్లు బయటపెడతాయి. కట్టె వాసన కాక ఇంకేదైనా వస్తే అక్కడితో వదిలేయండి. ఆకాశం కిందే ఉడకబెట్టండి. ఒంటరిగా చేయకండి. పక్క కొట్టువాడి నంబరు తీసుకోండి.

మీ ముక్కును కూడా పూర్తిగా నమ్మకండి. రోజూ చెడు వాసన మధ్య బతికే ముక్కు, కొత్త చెడును పాత చెడు ఖాతాలో వేసేస్తుంది. యాదమ్మ తెలివితక్కువ మనిషి కాదు. ఆమె చేసింది ఆ వీధిలో అందరూ చేసేదే, ఆమె పుట్టిన దగ్గర నుంచీ కాకపోయినా, మనవరాలు పుట్టిన దగ్గర నుంచీ ఆ పిల్లను కాపాడుకోవడానికి చేస్తున్నదే. ఆ తలుపు వెనక నేనున్నా అదే చేసేవాణ్ని.

యాదమ్మ ఫోన్

ఆమె మళ్లీ షెడ్డుకు రాలేదు. చాలాకాలం తలనొప్పితో బాధపడింది. ఇప్పుడు ఒక కాలేజీ హాస్టల్లో వంటకు పోతోంది. ఉండేది మాత్రం ఆ కాలనీలోనే, ఆ రెండు గదుల్లోనే. షెడ్డు మూసేశాక నేనూ పని మానేసి మేడ్చల్‌లో ఇంటిపట్టున ఉన్నాను.

ఆమె నాకు ఫోన్ చేస్తుంది. కష్టసుఖాలకు కాదు.

"అన్నా, వాసనొస్తాంది. గాలి ఎటున్నది?"

మొదటిసారి అడిగినప్పుడు నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆమెకు ఇప్పుడు వాసన వస్తే ఏం చేయాలో తెలియదు. వెనకటిలా చేయి దానంతటదే గడియ మీదికి పోతుంది, వేయబోయి ఆగిపోతుంది. ఇది డంపుదే అయితే తలుపు మూయాలి. ఇంకేదైనా అయితే తీయాలి. లోపల మనవరాలు ఉంటుంది. తలుపు పట్టుకుని నిలబడి నాకు ఫోన్ చేస్తుంది. నేను బయటికి వెళ్లి తీగ మీద ఆరేసిన బట్టలు ఎటు ఎగురుతున్నాయో చూస్తాను. మేడ్చల్ గాలీ అక్కడి గాలీ ఒకటే అవుతాయన్న నమ్మకం నాకేం లేదు. అయినా చెబుతాను. దక్షిణం గాలి, మూసుకో అంటాను. ఉత్తరం గాలి, తీసిపెట్టు అంటాను. చెప్పిన తర్వాత గంటకో రెండు గంటలకో మళ్లీ చేసి, అందరూ మంచిగున్నారా అని అడుగుతాను. ఆ మధ్యలో నాకు అన్నం సహించదు.

మొన్న మధ్యాహ్నం చేసింది. నేను వాకిట్లోకి వెళ్లాను. ఎండ మండిపోతోంది. తీగ మీద బట్టలు కదలడం లేదు. ఎదురింటి వేపచెట్టు ఆకు కూడా కదలడం లేదు. చాలాసేపు నిలబడి చూశాను.

"గాలి లేదు యాదమ్మా," అన్నాను.

"మరి గీ వాసన ఎటుకెళ్లి వస్తాందన్నా?"

"ఏమో. నువ్వు మాత్రం లోపట ఉండకు. పిల్లను తీస్కొని బయటికి రా."

"బయటనే ఉన్నమన్నా అందరం," అంది యాదమ్మ. "ఈడ గూడ అట్లనే వస్తాంది."